అద్దె ఎద్దు చుక్కడు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, ఉప్పు ఎద్దుబళ్ళ మీద ఊళ్ళు తిరిగే కాలం. పశువులకు కూడా మాటలొచ్చిన కాలం.

సముద్రం ఒడ్డున అయ్యన్నశెట్టి అనే ఉప్పు వర్తకుడు ఉండేవాడు. ఆయనకు ఒంటెద్దు బండి ఉంది గాని ఎద్దు లేదు. పశువులు పెంచే గవరమ్మ దగ్గర చుక్కడనే ఎద్దును ఏడాదికి అద్దెకు తెచ్చుకున్నాడు.

ఆ సీమలో ఒక కట్టుబాటు ఉండేది. గడువు తీరాక ముందు అనుకున్న ధరకు ఎద్దును కొనుక్కోవచ్చు, లేదా తిరిగి ఇచ్చెయ్యవచ్చు. తిరిగి ఇచ్చినవాడు, కొత్తగా కొనేవారి ఎదుట దాని మూపురం మీద చెయ్యి వేసి మంచీ చెడ్డా చెప్పాలి.

గడువు దగ్గరపడింది. చుక్కడు చూడ్డానికి బాగానే ఉన్నాడు. కానీ బరువు వేస్తే ముందుకాలు వణుకుతుంది. ఆ సంగతి శెట్టికి ఒక్కడికే తెలుసు. బండి పట్టనంత ఉప్పు వేసి తోలింది ఆయనే కదా!

"దీన్ని వదిలించుకుని సంతలో మంచి ఎద్దును చూసుకుంటాను" అనుకుని, చుక్కణ్ణి గవరమ్మ ఇంటి దగ్గర వదిలి సంతకు బయలుదేరాడు.

సంతలో మొదటి ఎద్దు నిగనిగలాడుతోంది. శెట్టి గిట్ట ఎత్తి చూస్తే అరిగి పచ్చిగా ఉంది.

"నాడాలు కొట్టించలేదా నీకు?"

"అద్దె ఎద్దుకు నాడాలెందుకన్నాడు, నన్ను వాడుకున్నవాడు."

రెండో ఎద్దు మెడకు నూనె దట్టంగా రాశారు. తుడిచి చూస్తే కాడి ఒరిసిన పుండు.

"అద్దె ఎద్దే కదా అన్నాడు" అంది అదీ.

మూడో ఎద్దు ఒంటి మీద మచ్చే లేదు. శెట్టి సంతోషంగా నిమరబోయాడు. చెయ్యి పైకి లేవగానే అది కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఎవడ్రా నిన్ను ఇలా కొట్టింది?"

"మొహం చూడలేదు బాబూ. ఎప్పుడూ నా వెనకే కూర్చునేవాడు."

శెట్టికి తల కొట్టేసినట్టయింది. దేన్నీ బేరమాడకుండా తిరిగొచ్చాడు.

గవరమ్మ ఇంటి ముందు కుమ్మరి పైడయ్య నిలబడి ఉన్నాడు.

"సమయానికొచ్చారు శెట్టిగారూ! చుక్కడు నచ్చాడు. నా కుండలు భద్రంగా లాగుతాడా?"

శెట్టి మూపురం మీద చెయ్యి వేశాడు. ఔనంటే చాలు, పీడ వదిలిపోతుంది. చుట్టూ జనం చూస్తున్నారు. చేతి కింద చుక్కడి చర్మం జలదరించింది.

"లాగడు పైడయ్యా. బరువు పడితే కాలు వణుకుతుంది. నీ కుండలు పగులుతాయి. పాడు చేసింది నేనే."

"అమ్మో!" అంటూ పైడయ్య వెనక్కి తగ్గాడు.

గవరమ్మ మొహం ఎర్రబడింది. "పసిబిడ్డలా పెంచి ఇచ్చాను శెట్టీ! ఇప్పుడు దీన్ని ఎవరు కొంటారు?"

"నేనే కొంటాను, తల్లీ. ముందు అనుకున్న ధరకే. సగం బరువే వేస్తాను, మిగతా సగం నేను మోస్తాను." ఆ మాట నేలకేసి చూస్తూనే అన్నాడు.

తర్వాత చుక్కడి పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "నాతో వస్తావా?"

"ఏడాదంతా తోలావు. ఒక్కసారైనా అడిగావా?" అన్నాడు చుక్కడు. అయినా అడుగు ముందుకేశాడు.

పరాయి సొమ్మని పాడు చేసినవాడు, ఆ నష్టం ఇంకొకరి నెత్తిన రుద్దకుండా తానే మోయాలి.