ఇత్తడి పట్టీ మీద చేపలు

అనగా అనగా ఒక ఏరు. ఆ ఏటి గట్టున ఒక కోట. కోట ద్వారబంధం చుట్టూ ఇత్తడి పట్టీ. పట్టం కట్టుకున్న ప్రతి రాజూ ఆ పట్టీకి తన రంగు వేయించడం అక్కడి ఆచారం.

కొత్త రాజు మణికేతుడు ఎరుపు వేయించాడు. కింద పాత రంగులు మందంగా పేరుకుని ఉన్నాయి. ఎరుపు నిలవలేదు. పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది.

"పాతవన్నీ తీసేయండి. ఇక నా రంగే మెరవాలి" అన్నాడు రాజు.

కమ్మరి వీరాచారి ఉలితో గీకాడు. ఇత్తడికి గాటు పడింది. చిత్రకారుడు దుర్గయ్య కాగడాతో కాల్చాడు. రంగు కంటే ముందు చెక్క పొగ కక్కింది. రాజు ఇద్దరినీ ఆపించాడు.

అప్పుడు బట్టలకు అద్దకం వేసే పేరమ్మ ముందుకొచ్చింది.

"అక్కా, ఇది చీర కాదు, ఇత్తడి!" దుర్గయ్య నవ్వాడు.

"ఎక్కడున్నా మరక మరకే తమ్ముడూ. ముందు నువ్వా కాగడా ఆర్పు."

సున్నం, బూడిద కలిపిన ముద్దను పట్టీకి పట్టించి తడిగోనె కప్పింది. మర్నాటికి రంగు ఉబ్బింది. చెక్కబద్దతో మెల్లగా తోసింది. రాజు తండ్రి వేయించిన నీలం ఊడింది. తాత పచ్చ ఊడింది. ఆ కింద ఎవరిదో ఎవరికీ గుర్తులేని పసుపు. దాని కింద ఇత్తడి.

ఆ ఇత్తడి మీద, రాజు తల కన్నా ఎత్తున, చేపల బారు చెక్కి ఉంది. చేపల కింద ఇళ్ల కప్పులు.

వీరాచారి చేతులు వాటంతటవే జోడయ్యాయి.

"ఇక ఎరుపు వేయమంటారా ప్రభూ?" దుర్గయ్య మెల్లగా అడిగాడు.

"వద్దు దొరా" అంది పేరమ్మ. "ఒకప్పుడు ఏరు అంత ఎత్తు వచ్చింది. మన ఊరు ఆ చేపల కిందే ఉంది."

"రంగు లేకపోతే నేను రాజునని ఎలా తెలుస్తుంది?"

"ఊరు మిగిలితే తెలుస్తుంది."

మణికేతుడు కిరీటం తీసి, చేపల కింద నిలబడి, చాలాసేపు పైకి చూశాడు. తర్వాత ఊరిని, గింజలను, పశువులను గుట్ట మీదికి తరలించమన్నాడు.

ఒక వానాకాలం గడిచింది. ఏమీ కాలేదు. రెండోదీ గడిచింది. "కొండముచ్చుల్లా గుట్టెక్కాం" అని దుర్గయ్య ఎగతాళి చేశాడు. మూడో ఏట ఏరు పొంగింది. పాత ఇళ్లు మునిగిపోతుంటే జనమంతా గుట్ట మీద నిలబడి చూశారు. దుర్గయ్య పేరమ్మకు దండం పెట్టాడు.

నీరు తీశాక దిగి వచ్చారు. ద్వారబంధం మీద బురద గీత సరిగ్గా చేపల దగ్గర ఆగి ఉంది.

ఆనాటి నుంచి ఆచారం మారింది. పట్టం కట్టుకునే రాజు ఆ పట్టీని తన చేత్తో చింతపండు పెట్టి తోమాలి.

మన రంగు వేసుకునే ముందు, పెద్దలు కింద ఏం చెక్కి పెట్టారో చూసుకోవాలి.