చెప్పుల దగ్గర చుక్క

మా నరసింగరావు మేష్టారికి ఒక అలవాటు ఉంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. అడిగినవాణ్ణి ఏదో ఒక పని మీద పంపిస్తారు. పని చేసుకొచ్చాక ప్రశ్న ఇంకా మిగిలి ఉంటే మళ్ళీ అడగమంటారు. చాలామందికి మిగలదు. నాబోటి వాడికి మిగలడమే కాదు, దాని పక్కన ఇంకో రెండు మొలుస్తాయి. ఆయన దగ్గర చేరిన కొత్తలో నేను పెద్ద తెలివైనవాడిలా మొహం పెట్టి, "మోక్షమంటే ఏమిటండీ?" అన్నాను. "పెరట్లోంచి రెండు రెమ్మలు కరివేపాకు కోసుకురా" అన్నారు. తెచ్చాను. మజ్జిగలో నలిపి వేసుకుని తాగేశారు. అది సమాధానమో, ఆ పూట నిజంగానే మజ్జిగలోకి కరివేపాకు కావలసి వచ్చిందో నాకు ఇప్పటికీ తేలలేదు. ఈ తేలకపోవడాన్నే సాధన అనుకుని కాలక్షేపం చేస్తున్నాను.

మేష్టారంటే ఆశ్రమమూ కాషాయమూ ఊహించుకోవద్దు. హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుంటారు, చుట్టూ మేం నలుగురైదుగురం చేరతాం. మాలో త్రినాథరావు ఒకడు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి దిగిపోయాడు. ముద్ర పడని తూకపురాయిని జీవితంలో నమ్మలేదు. కొలతకి అందని వస్తువు ఒకటి లోకంలో ఉందంటే అది తనకి జరిగిన అవమానం అనుకుంటాడు. మడమ నొప్పికి డాక్టరు రాసిచ్చిన మెత్తటి చెప్పులు వేసుకుంటాడు. ఎక్కడికి వెళ్ళినా ఆ రెంటినీ ఒకచోట విడవడు. మేష్టారింటికి వస్తే ఒకటి మెట్ల కింద, రెండోది గేటు పక్కన సైకిలు చాటున. జత దొరక్కపోతే దొంగ ఏం చేసుకుంటాడని అతని వాదన. వాదనలో లోపం లేదు. కాకపోతే మేష్టారు మాట్లాడుతున్నంతసేపూ అతను రెండు దిక్కులా చూస్తూ ఉండాలి.

అతనికో అన్నగారు ఉన్నాడు, సన్యాసిరావు. ఉండేది ఇదే ఊళ్ళో. నాలుగేళ్ళ కిందట అన్నగారి కూతురి పెళ్ళిలో, సొంత చినాన్నని పట్టుకుని రెండో బంతిలో కూర్చోబెట్టారని త్రినాథరావు మాటలు మానేశాడు. ఆ రోజు అన్నగారు అసలు ఏ బంతిలోనూ కూర్చోలేదు, చివర్లో వంటవాళ్ళ దగ్గర నిలబడి ఇంత పెరుగన్నం తిన్నాడు. ఆ మాట ఎవరు చెప్పినా, త్రినాథరావు "అది వేరే లెక్క" అనేవాడు.

ఈమధ్య ఆ అన్నగారికి గుండెల్లో మూడుచోట్ల పూడిందన్నారు. కోటవీధి ఆంజనేయస్వామి గుడి వెనక వీధిలో ఉన్న ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్ అంటే ఏమో, బయటపడతాడో లేదో అని బంధువులంతా వెళ్ళి చూసి వచ్చారు. త్రినాథరావు వెళ్ళలేదు. "పిలవని పేరంటానికి వెళ్ళే అలవాటు నాకు లేదు. పిలవాల్సింది ఆయన" అన్నాడు. అలాగని రాయి కాదు. ఆసుపత్రి మాట విన్న రోజే మొక్కుకున్నాడు. తమ్ముడి ప్రాణం కోసం కొండ ఎత్తుకొచ్చిన స్వామి, అన్న ప్రాణానికి అడ్డుపడకపోతాడా అని, రోజూ సాయంత్రం గుడిలో నూట ఎనిమిది ప్రదక్షిణలు మొదలుపెట్టాడు. మడమ నొప్పితో, ఉత్త కాళ్ళతో, రాతి పలకల మీద. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. మెచ్చుకోవడానికి మడమలు నొప్పెట్టవు కదా.

ఆపరేషన్ తెల్లవారితే అనగా ఆ సాయంత్రం అతను మేష్టారి దగ్గరికి దిగాలుగా వచ్చాడు. చేతికి నల్లటి బ్యాండు ఉంది. నడక లెక్కపెట్టుకోమని కూతురు కొనిచ్చింది.

"మేష్టారూ, మనం చేసింది పైవాడి లెక్కలోకి చేరిందో లేదో ఎలా తెలుస్తుందండీ?"

"ఇప్పుడేం వచ్చింది?"

"ఈ బ్యాండు అడుగులు చూపిస్తోందండీ, వేలల్లో. కానీ దూరం దగ్గర సున్నా. మనం నడిచిన దారి ఫోనులో మ్యాపు మీద గీతలాగా పడాలి. నాకు గీత లేదు, ఒక్క చుక్క. మొదలుపెట్టిన రోజు నుంచీ ఇదే. ఇన్నాళ్ళు తిరిగిందీ ఎక్కడా చేరలేదంటే, రేపు అన్నయ్యకి..." అని ఆగిపోయాడు.

బ్యాండుల సంగతి నాకు కొంత తెలుసు. పోయిన వేసవిలో నేనూ ఒకటి కొన్నాను. కరెంటు పోయి విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంటే, చక్కగా నడుస్తున్నారు, అలాగే సాగించండి అని మెచ్చుకుంది. నన్ను అలా మెచ్చుకున్నవాళ్ళు అంతకు ముందు లేరు. ఆ ఆనందంలో కరెంటు ఉన్నప్పుడు కూడా విసురుకున్నాను. కాబట్టి అడుగుల లెక్క గురించి నోరెత్తుదామనుకుంటూండగానే మేష్టారు నావైపు తిరిగారు.

"గున్నేశ్వరరావూ, ఇవాళ ఇతనితో నువ్వూ వెళ్ళు. లోపలికి వెళ్ళకు. ఇతను బయట వదిలిపెట్టి వెళ్ళేవాటి దగ్గర కూర్చో."

ప్రశ్న అతనిది, పని నాది. కరివేపాకు రోజుల నుంచీ నా జాతకం ఇంతే.

గుడి చిన్నది. గుమ్మం పక్కన రేకుల షెడ్డు ఉంది. చెప్పులూ సెల్‌ఫోన్లూ అక్కడే ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. ఆ షెడ్డు చూసే పైడితల్లి త్రినాథరావుని చూడగానే అడక్కుండా రెండు టోకెన్లు తీసింది.

"ఈ బాబుకి సెప్పుకో టోకెనండి" అంది నాతో. "ఎడమది అరలో ఎట్టాల, కుడిది ఈ బల్ల కింద ఎట్టాల. ఆంజనేయుడికైనా ఇన్ని లాంఛనాలు లేవు."

"నీకు తెలీదులే" అని త్రినాథరావు ఫోను ఇచ్చి, బ్యాండు మీద నడక గుర్తు నొక్కి లోపలికి వెళ్ళాడు. నేను బల్ల మీద కూర్చున్నాను.

ప్రాకారం గోడకి షెడ్డు వైపు ఒక ఊచల కిటికీ ఉంది. చుట్టుకొకసారి ఆ కిటికీలో త్రినాథరావు మొహం కనిపించేది. నన్నే చూస్తున్నాడనుకుని మొదట చెయ్యి ఊపాను. రెండోసారి నవ్వాను కూడా. తర్వాత తెలిసింది. అతని చూపు నా తల మీదుగా అర దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నా కాళ్ళ మధ్యగా బల్ల కిందికి దిగి, తృప్తిపడి ముందుకి సాగుతోంది. మధ్యలో నేనన్నవాణ్ణి అడ్డంగా ఉన్నానంతే.

కాసేపటికి అరలో ఫోను మోగింది. తెర మీద 'వదిన' అని పడింది. సరిగ్గా అప్పుడే అతను కిటికీ దగ్గరికి వచ్చాడు.

"త్రినాథరావు గారూ, ఫోనండీ! మీ వదిన గారు!"

అతను మణికట్టు కాస్త ఎత్తాడు. ఫోను మోగితే ఆ బ్యాండు కూడా చేతి మీద వణుకుతుంది. చూడకుండానే చెయ్యి దించేసి, నోరు మూసుకోమన్నట్టు పెదాల మీద వేలు పెట్టి వెళ్ళిపోయాడు. ఫోను ఆగింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది.

"రోజూ ఇంతే బాబూ" అంది పైడితల్లి. "ఈ ఏలకే మోగుతాది. మోగీ మోగీ ఊరుకుంటాది. నానెత్తి మాటాడితే బాగుండదు కదా."

ప్రదక్షిణలు ముగించి, కుంటుకుంటూ వచ్చి, ముందు కుడి చెప్పు, తర్వాత ఎడమ చెప్పు చూసుకుని, అప్పుడు ఫోను తీసుకున్నాడు. తెర మీదున్న వదిన పేరుని వేలితో పక్కకి నెట్టేశాడు. మ్యాపు తెరిచాడు. చుక్క. వేళ్ళతో పెద్దది చేశాడు. గుడి పెద్దదైంది, గుమ్మం పెద్దదైంది, చుక్క మాత్రం మేం నిలబడ్డచోటే ఉంది.

నాకు వెలిగింది. బ్యాండు అమ్మిన కుర్రాడు ఈ సంగతి నాకు మూడుసార్లు చెప్పాడు, మూడోసారి కొంచెం గట్టిగా. "దీనికి సొంత జీపీఎస్ లేదండీ" అన్నాను. "తనెక్కడుందో తనకి తెలీదు. ఫోనుని అడిగి తెలుసుకుంటుంది. ఫోను ఎక్కడుంటే మీరూ అక్కడే ఉన్నారని రాసుకుంటుంది. మీరు లోపల తిరుగుతున్నారు, ఫోను ఇక్కడ అరలో కూర్చుంది. ఇంకేం పడుతుంది, చుక్క తప్ప?"

అతని మొహం వికసించింది. "అయితే దోషం కొలిచే సాధనంలో ఉందన్నమాట! నా ప్రదక్షిణల్లో లేదు!"

మడమ నొప్పి మరిచిపోయి మేష్టారింటి దాకా నాకంటే ముందే నడిచాడు. ఒక చెప్పు సైకిలు చాటున, ఒకటి మెట్ల కింద విడిచి, ఫోను ఆయన ముందు పెట్టాడు. మేష్టారు బత్తాయి ఒలుస్తున్నారు. కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"ఇది ఏ చోటు?"

"చెప్పుల షెడ్డండీ."

"సాయంత్రమంతా నువ్వు అక్కడే ఉన్నావంటోంది."

"అది తప్పండీ! ఫోను అక్కడుంది. నేను స్వామి చుట్టూ తిరుగుతున్నాను."

"అలాగా." మేష్టారు నావైపు చూశారు. "నువ్వేం చూశావయ్యా?"

నేను అబద్ధం చెప్పగలను కానీ మేష్టారి ముందు అంత వేగంగా తోచదు. "కిటికీ దగ్గరికొచ్చినప్పుడల్లా ఈయన చెప్పుల వంక చూశారండీ. ఫోను రెండుసార్లు మోగింది, వాళ్ళ వదిన గారి దగ్గర్నుంచి. రోజూ మోగుతుందట."

"నీకు తెలీలేదా?" అన్నారు మేష్టారు అతనితో.

"చేతి మీద వణికిందండీ. చూస్తే లెక్క తప్పుతుందని చూడలేదు." గొంతు తగ్గించి అన్నాడు: "అయినా పిలవాల్సింది ఆయన కదండీ. ఆవిడ కాదు."

మేష్టారు బత్తాయి రెండుగా విడదీశారు. తొనలు మాకు తలా రెండు పెట్టారు. గింజలు ఎక్కడ ఊయాలో తెలియక నేను మింగేశాను. అంతలో ఫోను మళ్ళీ మోగింది. వదిన. త్రినాథరావు మేష్టారి వంక చూశాడు. ఆయన బత్తాయి వంక చూస్తున్నారు. చివరికి ఎత్తాడు.

"చెప్పు వదినా."

"వదిన కాదురా, నేను." ముసలి గొంతు, ఆయాసం. అరుగు మీద అందరికీ వినిపిస్తోంది. "రోజూ చేస్తున్నాను, ఎత్తవేంరా తిరనాథా? అలిసిపోతానని నా ఫోను వీళ్ళు దాచేశారు. మీ వదినని బతిమాలి దీంట్లోంచి చేస్తున్నాను."

త్రినాథరావు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"పొద్దున్నే లోపలికి తీసుకుపోతారంట. నా కోసం గుడి చుట్టూ తిరుగుతున్నావని, చెప్పులు చూసే పైడితల్లి మీ వదినతో చెప్పిందట. ఆ గుడి ఈ కిటికీలోంచి కనబడుతుందిరా. నువ్వు బయటికొస్తే కనబడతావేమోనని సాయంత్రాలు ఇటే తిరిగి పడుకుంటున్నాను. ఎంత దూరం రా, అక్కణ్ణుంచి ఇక్కడికి?"

దూరం సంగతి అడిగితే ఎప్పుడైనా ఠక్కున చెప్పే మనిషి. అప్పుడు మాత్రం "వస్తున్నానన్నయ్యా" అన్నాడు. ఆ 'అన్నయ్యా' నాలుగేళ్ళు వాడక తుప్పు పట్టి, సగం విరిగి వచ్చింది. లేచాడు. మేష్టారికి దణ్ణం పెట్టబోయి, ఆ చేతిలో ఫోను ఉందని గమనించి, దణ్ణం మధ్యలో వదిలేసి, మెట్లు దిగి, గేటు తోసుకుని వెళ్ళిపోయాడు.

గేటు ఇంకా ఊగుతూండగా చూశాను. మెట్ల కింద ఒక చెప్పు, సైకిలు చాటున ఒక చెప్పు. రెండూ పుచ్చుకుని వీధిలోకి పరిగెత్తాను. అప్పటికే అతను మలుపు దాటేశాడు. కంకర తేలిన ఆ వీధిలో, ఆ మడమలతో, అంత తొందరగా ఎలా వెళ్ళాడో నాకు తెలీదు. రొప్పుకుంటూ తిరిగి వచ్చి, చేతిలో జత చూపించాను.

"మేష్టారూ, చెప్పులు మరిచిపోయాడండీ!"

మేష్టారు చివరి తొన నోట్లో వేసుకుని, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు.

"ఇక్కడే ఉండనీవయ్యా. ఇన్నాళ్ళకి మరిచిపోయాడు."