శనివారం ఆడని జింకలు

వెదుళ్లకోన అడవిలో ఎలుగులు, కోతులు, కుందేళ్లు, అడవిపందులు, జింకలు ఉండేవి. అన్నిటికీ కబడ్డీ అంటే ప్రాణం. కూత వినబడితే చాలు, మేత కూడా మరిచిపోయేవి!

జింకల జట్టుకు నాయకురాలు లవంగి. అడవి కబడ్డీ సంఘంలో తన జట్టు చేరాలని ఆమెకు ఎంతో ఆశ. సంఘంలో లేని జట్టును పోటీలకు రానివ్వరు మరి.

ఒకటే చిక్కు. జింకలకు శనివారం విశ్రాంతి దినం. శుక్రవారం పొద్దు గూకింది మొదలు మర్నాడు పొద్దు గూకేదాకా అవి ఏ పనీ చేయవు, ఏ ఆటా ఆడవు. సెలయేటి పక్కన కూర్చుని, తమను పుట్టించిన దేవుణ్ణి తలుచుకుంటాయి.

సంఘం పెద్ద అడవిపంది బొద్దయ్య. ఆయనకు కోపం ముక్కుమీదే ఉంటుంది.

"మా సంఘంలో వారమంతా ఆటే! పెద్ద పోటీలన్నీ శనివారమే!" అని గుర్రుమన్నాడు.

"ఆ ఒక్కరోజూ మమ్మల్ని వదిలెయ్యండి బాబాయ్. మిగతా రోజుల్లో ఎప్పుడు పిలిస్తే అప్పుడొస్తాం," అంది లవంగి.

"మీ కోసం అడవంతా ఆగాలా? ఆ దండాలేవో ఇంకో రోజు పెట్టుకోండి. దేవుడేమైనా అలుగుతాడా?"

లవంగి మనసు ఊగింది. ఊఁ అంటే చాలు, రేపే బరిలోకి దిగొచ్చు.

"మాట ఇచ్చింది దేవుడికి బాబాయ్. మా వీలును బట్టి మార్చుకోలేం," అని వెనుదిరిగింది. దారంతా ఏడ్చింది పాపం.

సంఘం ఆటలు రోజూ సాగాయి. "కాళ్లు పీకుతున్నాయి, ఒక్కరోజు ఆపుదాం," అని ఎలుగు మొత్తుకున్నా బొద్దయ్య చెవిన పెట్టలేదు. తెరిపి లేకుండా తొక్కడంతో బరిలో గడ్డి చచ్చి, నేల బండబారింది. కోతుల మోకాళ్లు దోక్కుపోయాయి. చివరికి ఓ శనివారం బొద్దయ్యే కూతకెళ్లి దభీమని పడ్డాడు. కాలు బెణికింది. ఇక ఆడే ఓపిక ఎవరికీ లేక పోటీ ఆగిపోయింది.

మర్నాడు అందరూ జింకలు తమలో తాము ఆడుకునే మైదానానికి వచ్చారు. వారానికో రోజు కాలు పడని ఆ నేల పచ్చగా, మెత్తగా ఉంది.

"లవంగీ, ఇక్కడ ఆడనిస్తావా? మీరూ సంఘంలో చేరండి," అని అడిగింది ఎలుగు.

"రండి మామా! శనివారం తప్ప."

"ఆ రోజు మేమూ హాయిగా పడుకుంటాం తల్లీ!"

శుక్రవారం సాయంత్రం ఆట హోరాహోరీగా సాగుతోంది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. లవంగి ఒళ్లు మరిచి ఆడుతోంది.

"ఆపండర్రా! పొద్దు గూకుతోంది. మిగతాది ఆదివారం!" అని గట్టుమీంచి ఎవరో కేకేశారు.

అందరూ తిరిగి చూశారు. కాలికి ఆకుకట్టుతో, ఆడే యోగం లేక కూర్చున్న బొద్దయ్య!

నీతి: నమ్మినదాన్ని ఆశకు లొంగి వదులుకోకూడదు, ఎదుటివారి నమ్మకానికి చోటిస్తే మనకూ మేలు కలుగుతుంది.