గోదాలోకి బూట్లతో

భీమిలి రేవుకు దగ్గర్లో దాలినాయుడు మాస్టారి తాలింఖానా ఉంది. పై అంతస్తులో అద్దాలు, ఇనుప బరువులు, నడిచే మిషన్లు. కింద, పక్కనే ఎత్తుగా రేకుల కప్పు వేసిన పాత కుస్తీ గోదా. కుర్రకారంతా పైన అద్దాల్లో తమ భుజాలు చూసుకుని మురిసిపోతుంటే, మాస్టారు కింద మెట్టు మీద కూర్చుని, కొత్తగా చేరడానికి వచ్చినవాళ్ళ కాళ్ళు చూసేవారు. షుగరు ఉందని చెప్పినవాళ్ళకైతే మేజోళ్ళు విప్పించి, అరికాళ్ళు తిప్పి, వేళ్ళ సందులు కూడా చూసేవారు. కండలు పెంచుకోవడానికి వచ్చిన మనిషికి ఈ పాదపూజ ఏమిటని పై అంతస్తులో నవ్వుకునేవారు. ఆ నవ్వులు మాస్టారికి వినపడేవి గానీ ఆయన పట్టించుకునే రకం కాదు.

ఆయన దగ్గర వ్యాయామ శిక్షకురాలి పని నేర్చుకుంటున్న హైమావతి ఒకరోజు అడిగింది.

“గురువుగారూ, షుగరు, బీపీ లాంటివి వచ్చాయంటే మనిషితోనే ఉండిపోతాయి కదా. అలాంటి మనిషి మన దగ్గరికొస్తే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?”

ఏమీ తెలియక అడిగిన ప్రశ్న కాదది. షుగరు మందులు వాడేవాళ్ళ చేత ఖాళీ కడుపుతో కసరత్తు చేయించకూడదనీ, చెమటలు పట్టి చేతులు వణికితే చక్కెర నీళ్ళు పట్టాలనీ, బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి బరువెత్తకూడదనీ, గుండెల్లో పట్టేసినట్టుందంటే అన్నీ ఆపి ఆస్పత్రికి పంపాలనీ ఆమెకు కంఠతా వచ్చు. పరీక్ష పెడితే మాస్టారి కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. మాస్టారు పారతో గోదా మట్టి గుల్ల చేస్తూ విన్నారు. పని ఆపకుండానే, “చూద్దాంలేమ్మా” అన్నారు.

ఆ తాలింఖానాకి రోజూ వచ్చేవాళ్ళలో పైడిరాజు ఒకడు. వయసులో ఉన్నప్పుడు ఇదే గోదాలో మాస్టారికి కుస్తీ జోడీ. తర్వాత లారీ స్టీరింగు పట్టుకుని దేశమంతా తిరిగి, ఒంట్లో షుగరుతో ఊరు చేరాడు. మాస్టారు అతణ్ణి బూట్లతోనే పైకి పంపి, కాసేపు నడిపించి, కుర్చీలో కూర్చోబెట్టి తేలిక బరువులు ఎత్తించేవారు. గోదాలోకి మాత్రం వద్దనేవారు. ఎందుకో హైమావతితో ఎప్పుడూ అనలేదు, ఆమె కూడా అడగలేదు. కసరత్తు అయ్యాక పైడిరాజు ఇంటికి వెళ్ళకుండా గోదా అంచున నిలబడి మట్టి వైపు చూస్తుండేవాడు. పుట్టింటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రమ్మనే పిలుపు కోసం ఎదురుచూసే ఆడపడుచులా ఉండేది ఆ నిలబడటం. హైమావతి రోజూ అది చూసేది.

మండు వేసవిలో మాస్టారు తగరపువలసలో పెళ్ళికి వెళ్ళారు. ఆ మధ్యాహ్నం పైడిరాజు వచ్చాడు.

“ఓపాలి గోదాలో నిలబడతానమ్మా. కుస్తీకి కాదు. ఊరికినే నిలబడతాను.”

హైమావతి తొందరపడలేదు. బీపీ చూసింది. అన్నం తిన్నావా అని అడిగింది. ఆయాసం, ఛాతీలో నొప్పి ఏమైనా ఉన్నాయా అని అడిగింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు, ఆ తాలింఖానాలో పెరిగినవాళ్ళెవరైనా అనే మాటే ఆమె కూడా అంది.

“బూట్లు విప్పెయ్ బాబాయ్.”

అది పసుపు, నూనె, మజ్జిగ పోసి తొక్కిన మట్టి. ఏడాదికోసారి దానికి పూజ చేసి కొబ్బరికాయ కొడతారు. చెప్పు కాలితో దానిలోకి దిగినవాడు లేడు, కలెక్టరొచ్చినా విప్పాల్సిందే. పైడిరాజు చిన్నపిల్లాడిలా ఆత్రంగా బూట్లు లాగేసి, మట్టి కళ్ళకద్దుకుని లోపలికి దిగాడు. కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళ లోంచే నీళ్ళు కారాయి.

“ఎలా ఉంది బాబాయ్?”

“సల్లగా ఉంది తల్లీ. అప్పట్లాగే ఉంది.”

హైమావతి తను అడిగిన ప్రశ్నకు జవాబు మాస్టారు లేకుండానే దొరికిందనుకుంది. మనిషి దేనికోసం తపిస్తున్నాడో అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, అంతే కదా అనుకుని తనలో తనే పొంగిపోయింది. పైడిరాజు గోదా చుట్టూ నెమ్మదిగా తిరుగుతున్నాడు. అతను ఇటు తిరిగేసరికి వెనక మట్టిలో ఎర్రటి తడి కనిపించింది. ఎప్పుడో పార అంచు విరిగి మట్టిలో పడిన ఇనుప ముక్క అతని అరికాల్లో దిగబడి ఉంది. అతను దాని మీదే అడుగులు వేస్తున్నాడు. ముఖాన నవ్వు చెరగలేదు.

“ఏటమ్మా, అలా సూస్తన్నావు?” అన్నాడు.

పెళ్ళి బట్టలతోనే మాస్టారు ఆస్పత్రికి వచ్చారు. గాయం లోతుగా ఉందనీ, చీము పట్టి పైకి పాకితే పాదం తీసెయ్యాల్సి రావచ్చనీ డాక్టరు అప్పటికే చెప్పాడు. వార్డు బయట బల్ల మీద హైమావతి తల వంచుకుని ఏడుస్తోంది. మాస్టారు తిట్టలేదు. పక్కన కూర్చుని ఒక్కటే అడిగారు.

“అప్పుడు మట్టి ఎలా ఉందమ్మా?”

ఆమె గుర్తు తెచ్చుకుంది. పైన రేకులు, వాటి మీద మిట్టమధ్యాహ్నపు ఎండ. గోదా అంచున కాలు పెట్టి తను చటుక్కున వెనక్కి తీసుకుంది కూడా.

“కాలిపోతోంది గురువుగారూ” అంది. అంటూనే ఆగిపోయింది. పైడిరాజు అబద్ధమాడలేదు. షుగరుతో మొద్దుబారిన అరికాళ్ళు ఏమీ చెప్పకపోతే, తనకు గుర్తున్నదే చెప్పాడు.

పుండు మానడానికి చాలా కాలం పట్టింది. పాదం దక్కింది. వానలు తగ్గుముఖం పట్టి ఎండ మళ్ళీ చురుక్కుమంటున్న రోజుల్లో పైడిరాజు తాలింఖానాకి వచ్చాడు, ఆస్పత్రివాళ్ళు ఇప్పించిన మెత్తటి బూట్లు వేసుకుని. ఈసారి గోదా అంచున ఆగలేదు. అటు చూడకుండా, గోడ పక్కనుంచి మెట్ల వైపు నడిచాడు. అలా చూడకుండా పోవడం హైమావతికి ఆ పాత చూపు కంటే కష్టంగా తోచింది.

“ఒరే రాజూ, ఇలా రా” అన్నారు మాస్టారు. అతని జబ్బ పట్టుకుని, బూట్లు విప్పనివ్వకుండానే గోదాలోకి దింపారు. పై అంతస్తులో కుర్రాళ్ళు బరువులు వదిలేసి కమ్మీల మీదికి వంగి చూశారు. కాళ్ళు మట్టిలో పడగానే పైడిరాజు వెనక్కి లాక్కోబోయాడు.

“తప్పురా నాయుడూ, బూట్లతోనా?”

“మట్టికి కోపమొస్తే నాతో చెప్పుకుంటుందిలే.”

మాస్టారు అతణ్ణి పీట మీద కూర్చోబెట్టి, మట్టి తీసి రెండు దోసిళ్ళలో పోశారు.

“ఎలా ఉందిరా?”

పైడిరాజు అలవాటుగా “సల్ల...” అని ఆగిపోయాడు. వేళ్ళు నెమ్మదిగా మట్టి మీద మూసుకున్నాయి. నలిపాడు, విప్పాడు, మళ్ళీ నలిపాడు. ఆ చేతుల్లో ఏం జరుగుతోందో హైమావతి ఊపిరి పీల్చుకోకుండా చూస్తోంది.

“ఎచ్చగా ఉందిరా నాయుడూ” అన్నాడు చివరికి. “గరుగ్గా ఉంది. అప్పట్లాగ లేదు.”

అని, మట్టి చేతులతోనే ముఖం కప్పుకున్నాడు. మాస్టారు చాలాసేపు అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచారు. తర్వాత తలెత్తి హైమావతి వైపు చూశారు.

“ఎక్కణ్ణుంచి అని అడిగావు కదమ్మా” అన్నారు. “అప్పట్లాగ లేదని వాడే అన్నాడు. ఇప్పుడు మొదలుపెట్టు.”