నాంచారమ్మ బడిలో గడ్డిపోచలు

ఆ ఏడాది గిజిగాడి పిల్లల్లో ఒక్కడికీ ముడి వేయడం రాలేదు. తప్పు పిల్లలది కాదు, పంతులమ్మది.

అనగనగా ఒక అడవిలో, వాగు మీదికి వంగిన ఈతచెట్ల మీద గిజిగాళ్లు కాపురముండేవారు. వాళ్లలో గూడు అల్లేది మగపక్షి. గుంజిచూసి ఒప్పుకునేది ఆడపక్షి. గూడు కుదరనివాడికి వానాకాలంలో ఇల్లూ ఉండదు, ఇల్లాలూ రాదు.

గూళ్లు పరీక్షించడంలో నాంచారమ్మను మించినవాళ్లు లేరు. ఏ ముడి వదులైందో దూరం నుంచే చెప్పేది. అందుకే పిల్లల బడి ఆమెకు అప్పగించారు.

మొదటి రోజే కొమ్మల మీద చెత్త చూసి ఆమెకు ఒళ్లు మండింది. పిల్లలు గడ్డిపోచలు చీల్చి, లాక్కుని, ఒకరి తోకకొకరు చుట్టుకుంటున్నారు. అదంతా వాగులోకి ఊడ్పించింది. పిల్లలను వరసగా కూర్చోబెట్టి పీటముడి, జారుముడి, ఉచ్చుముడి అంటూ పేర్లు వల్లెవేయించింది.

నెల తిరిగేసరికి పిల్లలు ముప్పై ముడుల పేర్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. తండ్రులు మురిసిపోయారు. పక్క పొదలోని జెముడుకాకి మాత్రం, "పేర్లు బాగున్నాయి. ఒక ముడి వేసి చూపించమనరాదూ?" అంది. దానికి ఈకలే గాని తెలివి లేదని అందరూ వెక్కిరించారు.

తొలకరికి పది రోజులుందనగా పిల్లలు గూళ్లు మొదలుపెట్టారు. చిన్నోబులు అనే పిల్లవాడు కొమ్మకు పోచ చుట్టాడు. అది తెగింది. ఇంకోటి చుట్టాడు. జారిపోయింది. మూడోసారి తన కాలికే ముడి పడి తలకిందులుగా వేలాడాడు. మిగతావాళ్లదీ అదే వరస.

నాంచారమ్మ వాడి కాలు విడిపించి, పీటముడి ఎలా వేస్తారని గద్దించింది. వాడు గడగడా చెప్పి తల దించుకున్నాడు.

"నోటికి వచ్చు పంతులమ్మా. ముక్కుకీ కాలికీ రాదు."

పుట్టాక నాంచారమ్మ కూడా ఒక్క ముడి వేయలేదు. అల్లిన గూటిలో తప్పు పట్టడం తెలుసు. అల్లడం ఎలా వస్తుందో తెలియదు. అది వచ్చే దారి ఆ పోచలాటేనని ఇప్పుడు తట్టింది. దాన్ని తానే వాగులోకి ఊడ్చి పారేసింది.

మర్నాడు ఆమె ముక్కునిండా పచ్చి పోచలు తెచ్చి పిల్లల ముందు పడేసి, ఆడుకోమంది.

చిన్నోబులు తండ్రి వీరాస్వామి ఎగిరొచ్చాడు. "వాన నెత్తిమీదుంటే ఆటలేంటమ్మా?"

"నెత్తిమీదుంది కనకనే. నేను చెడగొట్టిన నెల తిరిగి రాదు. ఈ తొమ్మిది రోజులైనా వాళ్లకు వదిలెయ్యండి అన్నయ్యా."

రెండు రోజులు పిల్లలు చింపడమే చేశారు. తర్వాత లాగుడాట ఆడారు. ఏ పోచ తెగుతుందో, ఏది సాగుతుందో తెలిసింది. ఆ తర్వాత ఊయల కట్టారు. ఊడిపడ్డారు, నవ్వుకున్నారు, మళ్లీ కట్టారు. ఆరో రోజు ముగ్గురెక్కినా ఊయల ఊడలేదు. నాంచారమ్మ గుంజిచూసింది. అచ్చమైన పీటముడి. కట్టినవాళ్లకు ఆ సంగతే తట్టలేదు. ఆమె కూడా చెప్పలేదు.

మిగిలిన మూడు రోజుల్లో పిల్లలు గూళ్లు అల్లారు. తొలకరి గాలికి రెండు గూళ్లు పడ్డాయి. చిన్నోబులుదీ, తక్కినవీ వంకరటింకరగా ఉన్నా నిలిచాయి. గూడు పడినవాళ్లు ఏడుస్తూనే కొత్త పోచలు తేవడానికి బయలుదేరారు.

ఆ సాయంత్రం నాంచారమ్మ పెద్దలందరికీ తన నిర్ణయం చెప్పింది. ఇకమీదట తన బడిలో ముందు ఆట. ముడి వేయడం చేతనయ్యాకే పేర్లు.

మరుసటి ఏడు కొత్త పిల్లల తల్లులు వచ్చి, పక్క వాగు పిల్లలు అప్పుడే యాభై పేర్లు చెబుతున్నారని దెప్పారు. నాంచారమ్మ వాళ్లను కూర్చోమని కూడా అనలేదు. ఆ తర్వాత ఏటా ఎవరో ఒకరు వచ్చి అడుగుతూనే ఉన్నారు. ఆమె ఒక్క ఏడు కూడా మాట తప్పలేదు.

నీతి: పసివాళ్ల ఆట చదువుకు అడ్డం కాదు, అదే వాళ్ల మొదటి చదువు.