నూనె రాసిన కమాను

చింతలవాగు అవతల పొగాకు ఆరబెట్టే పాడుబడ్డ బ్యారన్ కొట్టు ఒకటుంది. మనుషులు దాన్ని వదిలేసి పోయాక, జంతువులు అందులో ఒక వాద్యబృందం పెట్టుకున్నాయి. ఎవరికీ అది బతుకుతెరువు కాదు. పగలంతా ఎవరి చాకిరీ వాళ్లు చేసుకుని, ఎండ తగ్గాక వాయిద్యం పట్టుకుని వచ్చేవాళ్లు. ఎలుగుబంట్లు డోళ్లు, నెమళ్లు పిల్లనగ్రోవులు, తక్కిన పన్నెండుమందీ ఫిడేళ్లు. అందరి ముందూ నిలబడి బెత్తం ఊపేది నక్క శేషాచలం మాస్టారు. ఆయన ఏ వాయిద్యమైనా వాయించగా చూసినవాళ్లు లేరు. వాయించమని అడిగిన మొనగాడూ లేడు.

ఫిడేళ్ల వెనక వరసలో చిట్టచివర కూర్చునేది గానుగెద్దు బసవయ్య. పొద్దుటినుంచి గానుగ చుట్టూ తిరిగి తిరిగి, ఒళ్లంతా నువ్వుల నూనె జిడ్డుతో వచ్చేవాడు. ఫిడేలు తీగలమీద లాగే కమానుకి నూనె పరమ శత్రువు. కమాను వెంట్రుకలకి రోజనం అనే గట్టి జిగురు రుద్దితేనే అవి తీగని పట్టుకుంటాయి. నూనె తగిలిందా, జారిపోతాయి. ఎంత లాగినా కుయ్యిమనవు. అందుకని బసవయ్య రోజూ వాగులో దిగి, కుంకుడుకాయతో డెక్కలు మూడుసార్లు తోముకుని గాని ఫిడేలు ముట్టేవాడు కాదు. మూడేళ్లలో ఒక్క చుక్క నూనె ఆ కమానుకి తగలనివ్వలేదు.

ఆ ఏడు కొండమీది పెద్దాయన, ఏనుగు గజపతిగారు, శనివారం సాయంత్రం కచేరీకి వస్తానని కబురు పెట్టారు. వాయించబోయే పాట చివర్లో ఒక పరుగు ముక్క ఉంది. డోళ్లు ఆగిపోతాయి, పిల్లనగ్రోవులు ఆగిపోతాయి, ఫిడేళ్లు మాత్రం గుక్క తిప్పుకోకుండా పరుగెత్తాలి. బసవయ్య ఏడాదంతా కొట్టంలో ఆ ముక్కే సాధన చేశాడు.

"ఏవయ్యా, ఆ నాలుగు స్వరాలేనా ఇంకేమైనా ఉందా?" అని విసుక్కునేది భార్య, పాడి ఆవు గౌరి. విసుక్కుంటూనే పాలు పితికేవేళకి తనూ అదే కూనిరాగం తీసేది. "శనివారం నేనూ వస్తా. ముందు వరసలో కూర్చుంటా. అక్కడ తప్పావంటే నాకు తెలిసిపోతుంది, చూస్కో!"

బుధవారం ఆఖరి సాధనలో పరుగు ముక్క గతుకుల్లో బండిలా నడిచింది. కాని బసవయ్య మటుకు మొదటిసారి తప్పు లేకుండా వాయించాడు. తన చెవికి తెలుసు. ఆ సంబరంతో గురువారమంతా గానుగ రెండు చుట్లు ఎక్కువే తిరిగాడు.

శుక్రవారం పొద్దున్నే మాస్టారు కొట్టం గుమ్మంలో ప్రత్యక్షం.

"బసవయ్యా, నీతో చెప్పాలంటే నాకే మనసు రావడం లేదయ్యా."

"చెప్పండి మాస్టారూ."

"మొన్న అపస్వరం ఒకటి పడింది విన్నావా? అది నీదే. తక్కిన పదకొండుమందీ అద్దంలా వాయించారు."

"నేను బాగానే వాయించాననుకున్నానండీ..."

"అనుకుంటాం. వాయించేవాడికి వినపడదు, వినేవాడికి వినపడుతుంది. అందుకేగా నేనున్నది!" నక్క గొంతు తగ్గించింది. "నిన్ను మానెయ్యమంటానా? ఛ! ఎంత కష్టపడ్డావు. వచ్చి కూర్చో. చెయ్యి అందరితో పాటు ఆడించు. కమానుకి మాత్రం ఇంత నూనె రాసుకునిరా. పొరపాటున తీగకి తగిలినా చప్పుడు రాదు. నీ పరువూ దక్కుతుంది, బృందం పరువూ దక్కుతుంది. ఎవరితోనూ అనకు, నీకే నామోషీ."

మాస్టారు తోక దులుపుకుని వెళ్లిపోయాడు. బసవయ్య కమాను తీసి చూసుకున్నాడు. తన చెవి ఒకటి చెబుతోంది, మాస్టారి నోరు ఒకటి చెబుతోంది. పుట్టినప్పటినుంచీ తోలేవాడి మాట వినే అలవాటాయె. శనివారం మధ్యాహ్నం, తన డెక్కతోనే, తన గానుగలోని నూనే కమానుకి రాసుకున్నాడు. గౌరితో చెప్పలేదు.

కచేరీ మొదలైంది. డోళ్లు దద్దరిల్లాయి, పిల్లనగ్రోవులు కేరింతలు కొట్టాయి. ఫిడేళ్లవాళ్లు పన్నెండుమందీ తలలూపుతూ కమాన్లు ఆడిస్తున్నారు. పక్కనున్న మేక మంగతాయి ఫిడేలు బసవయ్యకి వినపడలేదు. డోళ్ల మోత కాబోలు అనుకున్నాడు.

పరుగు ముక్క వచ్చింది. డోళ్లు ఆగాయి. పిల్లనగ్రోవులు ఆగాయి.

ఏమీ వినపడలేదు.

పన్నెండు కమాన్లు ఆదరాబాదరాగా పైకీ కిందికీ పోతున్నాయి, బ్యారన్‌లో ఈగ చప్పుడు తప్ప మరేమీ లేదు. నక్క బెత్తం గాలిలో ఆగిపోయింది. ముందు వరసలో గౌరి మోర ముందుకు చాచి, చెవులు రిక్కించి వింటోంది.

గజపతిగారు మెల్లగా లేచి వచ్చి, మొదటి ఫిడేలు కొంగ పరబ్రహ్మంగారి కమానుని తొండంతో తడిమారు.

"ఇదేమిటి, ఆముదమా?"

"చిత్తం. నాదొక్కటే అపస్వరం అన్నారు మాస్టారు."

"నీదేమిటమ్మా, మేకమ్మా?"

"కొబ్బరినూనె అయ్యా. నా ఒక్కదాందే తప్పన్నారు."

"నాతోనూ అదే అన్నాడు!" "నాతోనూ!" అని పన్నెండుమందీ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. రెండు రోజుల్లో పన్నెండు గుమ్మాలు ఎక్కాడు మాస్టారు. ఎవరు తప్పారో ఆయన చెవికి తెలిస్తే కదా! తప్పినవాడెవడో తేల్చలేక, ఎందుకైనా మంచిదని అందరి నోరూ కట్టేశాడు.

"నేను... ఒకరిద్దరు మిగిలారనే అనుకున్నానండీ," అంది నక్క. గజపతిగారు బెత్తం లాక్కుని పుటుక్కున విరిచారు. నక్క తోక ముడిచి, వెనకవైపు తలుపులోంచి జారుకుంది.

అప్పుడు బసవయ్య లేచాడు. ఫిడేలు ఎత్తి పట్టుకున్నాడు. "అయ్యా, ఆ ముక్క నాకు వచ్చండి."

"వస్తే వాయించవయ్యా. దానికోసమేగా కొండ దిగి వచ్చాను!"

బసవయ్య కమానుని తీగమీద ఆనించి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. డెక్కలెరిగిన ముక్క డెక్కలమీద చకచకా పరుగెత్తింది. ఒక్క స్వరమైనా తప్పలేదు. ఒక్క స్వరమైనా పలకలేదు. పక్కవాళ్ల కమాను అడుగుదామని చూశాడు. పన్నెండింటికీ నూనే.

గజపతిగారు గుమ్మంవైపు తిరిగారు. "వాడు రాయమన్నాడు సరే, రాసుకున్నది మీరే కదర్రా! మిమ్మల్ని నమ్మి మళ్లీ ఎవరు కూర్చుంటారు?" అని వెళ్లిపోయారు. మర్నాటికి బృందం చెల్లాచెదురైంది. బ్యారన్‌లో ఇప్పుడు ఎండుగడ్డి వేస్తున్నారు.

ఇంటికి వస్తూ దారిలో గౌరి ఒక్కటే అడిగింది. "నీకు వచ్చు కదయ్యా. రోజూ నేను విన్నదేగా. ఒక్కమాట నన్నడిగితే చెప్పేదాన్ని కదా?"

బసవయ్య తిన్నగా వాగులోకి దిగాడు. ఆ కమానుని ఏడుసార్లు కుంకుడు నురగలో కడిగాడు, ఎంత రోజనం రుద్దినా అది మళ్లీ తీగని పట్టలేదు. ఫిడేలు కొట్టంలో కొక్కేనికి వేలాడుతోంది. గౌరి పాలవేళకి ఆ కూనిరాగం తీయడం మానేసింది.

నీతి: నీకు రాదు పొమ్మనేవాళ్లు ఎందరైనా ఉంటారు, వాళ్ల మాట విని కమానుకి నూనె రాసేది మాత్రం మన చెయ్యే.