తావ్ అవ్వ అరగదీసిన పేరు

అనగా అనగా, మన తాతల తాతలు కూడా పుట్టకముందు, చీనాదేశంలో ఒక పెద్ద ఏరు. ఆ ఏటి ఒడ్డున రాళ్ళు చెక్కే ముసలమ్మ ఒకతె ఉండేది. పేరు తావ్ అవ్వ. చదువు రాదు. కానీ పండితుడు రాసిన అక్షరాన్ని వెంట్రుకవాసి తప్పకుండా ఉలితో దించాలంటే ఆమే దించాలి.

ఒక ఏడు వరదొచ్చింది. కట్ట తెగబోతుంటే ముప్పై ఏడుగురు కూలీలు మట్టి మోసి అడ్డుపడ్డారు. ఊరు నిలిచింది, వాళ్ళు కొట్టుకుపోయారు. ఒక్క శవమూ దొరకలేదు. ఆ దేశంలో వసంతకాలంలో ఒక పండగ ఉంది. సమాధులు తుడిచి, పోయినవాళ్ళకు అన్నం పెడతారు. మరి సమాధే లేనివాళ్ళకు ఎక్కడ పెట్టాలి? పండగనాటికి వాళ్ళ పేర్లతో ఒక రాయి నిలబెడదామనుకున్నారు.

పేర్లు రాయడానికి లియాంగ్ పండితుడు వచ్చాడు. ఆయన రాత చూడముచ్చటైన రాత. ఒక్కో అక్షరం తన గడిలో తాను బుద్ధిగా నిలబడుతుంది. ప్రతి గీతకూ తల, నడుము, పాదం ఉంటాయి. ఎర్రరంగులో కుంచె ముంచి రాతిమీదే రాశాడు. చివర, ఎడమ అంచున, తన పేరూ రాసుకున్నాడు. అవ్వ అంతా చెక్కింది.

నెలకు పండితుడొచ్చాడు. తల ఇటు వంచాడు, అటు వంచాడు.

"అవ్వా, ఈ చుక్క నిలబడలేదు, కూర్చుంది. అరగదీసెయ్. మళ్ళీ రాస్తాను."

"తమరు రాసినట్టే చెక్కానండీ."

"రాసింది నేనే. అప్పుడు తెలియలేదు."

అవ్వ మూతి బిగించి, ఇసుక చల్లి, నీళ్ళు పోసి, రాయి అరగదీసింది. రెండు వేళ్ళ మందం పోయింది. ఆయన మళ్ళీ రాశాడు, ఆమె మళ్ళీ చెక్కింది.

ఇంకో నెలకు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక గీత చివరి కొక్కెం నీరసంగా ఉందట. అవ్వ మూతి బిగించి, ఇసుక చల్లి, నీళ్ళు పోసి, రాయి అరగదీసింది.

ఈలోగా, వరదలో కొడుకును పోగొట్టుకున్న షెన్ అనే చూపులేని తల్లి రోజూ వచ్చి అడిగేది. "అక్కా, రాతిమీదికి మావాడొచ్చాడా?"

"వచ్చాడమ్మా. మొన్న పోయాడు. మళ్ళీ వస్తాడు," అనేది అవ్వ. అంతకన్నా ఏం చెప్పగలదు?

మూడో నెలలో గీతలన్నీ కుదిరాయి. అయినా పండితుడు నిట్టూర్చాడు. "రాసేటప్పుడు నా మనసు బాగోలేదు. గీతల్లో కనబడుతోంది."

"నాకేం కనబడటం లేదండీ."

"నీకు చదువు రాదుగా."

అవ్వకు ఒళ్ళు మండింది. అయినా మూతి బిగించి, ఇసుక చల్లి, నీళ్ళు పోసి, రాయి అరగదీసింది. జానెడు మందం రాయి సగమయింది. ఇలాంటి మనిషితో ఎలా వేగాలో మీరే చెప్పండి.

పండగ రెండు రోజులుందనగా పండితుడు నాలుగోసారి వచ్చాడు. ఒక అడ్డగీతమీద వేలు పెట్టాడు.

"వంకర."

"ఇక అరగదీస్తే రాయి పగిలిపోతుందండీ. ఎల్లుండే పండగ. ఆ తల్లులు అన్నం ఎక్కడ పెట్టుకోవాలి?"

"వచ్చే ఏడు పెట్టుకుంటారు. అంచున నా పేరుంది అవ్వా. నూరేళ్ళ తర్వాత కూడా ఈ వంకర చూసి నన్ను నవ్వుతారు."

"తమరి పేరుందనేగా నవ్వేది?"

"మరి కాదా?"

అవ్వ ఉలి తీసుకుంది. ఎడమ అంచున నాలుగు దెబ్బలు వేసింది. ఇసుక చల్లి, నీళ్ళు పోసి, ఆ కాస్త మేర అద్దంలా అరగదీసింది. పండితుడి పేరు పోయింది.

"ఇక తమరిని ఎవరూ నవ్వరు. ఇంటికెళ్ళి భోంచెయ్యండి," అంది.

పండగనాడు రాయి లేచింది. షెన్ వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి, పక్కవాళ్ళు చెప్పగా కొడుకు పేరు దగ్గర ఆగింది. గాట్లలో వేలు పెట్టి, "ఇక్కడున్నావా నాయనా," అని గిన్నె కింద పెట్టి ఏడ్చింది. వెనక నిలబడ్డ పండితుడు అది చూశాడు. వంకర గీతను మాత్రం ఆ రోజు ఎవరూ చూడలేదు.

చాలా ఏళ్ళకు అవ్వ పోయింది. ముసలివాడైన పండితుడు ఎర్రరంగు పట్టుకొచ్చి, తన పేరు పోయినచోట ఆమె పేరు రాశాడు. అవ్వ అల్లుడు చెక్కాడు. పండితుడు చూశాడు. చివరి గీత బాగా వంకరపోయింది. ఆయన నోరు తెరిచాడు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఆయన నోరు మూసుకుని ఇంటికెళ్ళిపోయాడు.

ఇప్పటికీ అక్కడ రాత నేర్చుకునేవాళ్ళు ఆ రాతిమీద తడికాగితం పరిచి, సిరా అద్ది, అచ్చు తీసుకుంటారు. దాన్ని చూసి అక్షరం అక్షరం దిద్దుకుంటారు. అవ్వ పేరు దగ్గరికొచ్చేసరికి ఆ చివరి గీతను వంకరగానే దిద్దుతారు. ఏ గురువూ సరిచెయ్యడు.